చద్దరు మీద బట్టమేక పిట్ట

షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేఠ్ నుంచి అశోక్ చౌక్ దాకా, పవర్‌లూమ్ చప్పుడు వినిపించే సందుల్లోనే తెలుగు ఆడవాళ్ళు ఇంటి ముందు కూర్చుని బీడీలు చుడతారు. చేటలోని తునికాకు గోందియా, గడ్చిరోలి, తెలంగాణ వంటి అడవుల సీమల నుంచి వస్తుంది. ఆ గోందియా అడవుల్లో, నవేగావ్ బాంధ్ చెరువు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి పక్షులనూ జంతువులనూ పరిశీలించిన మనిషి షోలాపూర్ తెలుగు ఇంటి బిడ్డ. పేరు మారుతి చితంపల్లి.

ఆయన పుట్టింది 1932 నవంబరు 5న షోలాపూర్‌లో. కన్నుమూసింది 2025 జూన్ 18న, మళ్ళీ షోలాపూర్‌లోనే. కోయంబత్తూరులో అటవీ శిక్షణ పొంది, మహారాష్ట్ర అటవీ శాఖలో మూడు దశాబ్దాలు పనిచేశారు. కర్నాళా, నాగ్‌జిరా, మేళఘాట్ ఆయన తిరిగిన చోట్లే. కళ్ళారా చూసినదీ, ఆదివాసుల నోట విన్నదీ మరాఠీలో రాశారు. పక్షుల పేర్లు ఒక్కొక్కటే పోగుచేసి ‘పక్షికోశ్’ కూర్చారు. హంసదేవుడి సంస్కృత గ్రంథం ‘మృగపక్షిశాస్త్రం’ ఆయన వల్లే మరాఠీ పాఠకులకు చేరింది. 2006లో సొంత ఊళ్ళో జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి ఆయనే అధ్యక్షుడు. పద్మశ్రీ ఆయన కన్నుమూసిన ఏడాదే వచ్చింది. ఆయన పుట్టినరోజు నవంబరు 5 నుంచి సలీం అలీ పుట్టినరోజు నవంబరు 12 దాకా పక్షి సప్తాహం జరపాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2020లోనే నిర్ణయించింది.

ప్రభుత్వం చేయగలిగింది చేసింది. ఆయన మాతృభాష మాట్లాడే నేతపేటలు ఆయనకు ఏమివ్వాలి? మగ్గం ఉన్న ఊరు మగ్గంతోనే నివాళి ఇవ్వాలని నా అభిప్రాయం. షోలాపూర్ చద్దరు మీద నెమలి తరతరాలుగా ఆడుతూనే ఉంది. దాని పక్కన ఇప్పుడు బట్టమేక పిట్టను నేయాలి.

మరాఠీవాళ్ళు మాళఢోక్ అనే ఈ పిట్ట షోలాపూర్‌కు ఉత్తరాన, ఇరవై కిలోమీటర్లు దాటగానే వచ్చే నాన్నజ్ బీళ్ళలో ఉండేది. దానికోసమే 1979లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. మనకు కర్నూలు సీమ రోళ్ళపాడు ఎలాగో వాళ్ళకు నాన్నజ్ అలాగ. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగే పక్షి. నేల మీదే ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దేశం మొత్తంలో బయట స్వేచ్ఛగా తిరిగేవి నూటయాభైకి మించి మిగల్లేదని కొన్నేళ్ళుగా నిపుణుల అంచనా. నాన్నజ్‌లో ఇప్పుడు కంటపడటమే అరుదు.

నేత సంగతి తీసుకుంటే, చద్దరు మీద బొమ్మ ముందు గ్రాఫు కాగితం మీద పుడుతుంది; ఈ మధ్య కంప్యూటరు మీద కూడా. నిలువు వరస ఒక్కోటీ పడుగుకు, అడ్డ వరస ఒక్కోటీ పేకకు లెక్క. అడ్డ వరసకొక అట్ట చొప్పున తీసుకుని, పడుగు లేవాల్సిన గడి దగ్గరల్లా చిల్లు కొడతారు. అట్టలన్నిటినీ దారంతో వరసగా కుట్టి, మగ్గం పైనుండే జాకార్డ్ యంత్రం మీద వేలాడదీస్తారు. మగ్గం ఆడేకొద్దీ ఒక్కో అట్ట వచ్చి సూదుల ముందు నిలుస్తుంది. చిల్లు దొరికిన సూది లోపలికి పోతుంది; దాని కొక్కెం కత్తికి తగులుకునే ఉంటుంది, కత్తి లేచినప్పుడు పడుగు పోగును పైకి లాగుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది. కొక్కెం కత్తిని తప్పుకుని, పోగు కిందే ఉండిపోతుంది. పైకి లేచిన పోగులకూ కింద మిగిలిన పోగులకూ మధ్య సందులోంచి నాడె దూసుకుపోతుంది. ఒక్క చిల్లు తప్పు కొడితే ఆ అట్టలతో నేసిన ప్రతి చద్దరులోనూ అదే చోట అదే తప్పు కనిపిస్తుంది. అందుకే అట్టలు కొట్టే మనిషికి నేతగాడితో సమానంగా గౌరవం దక్కాలి.

చద్దరుది ముతక నూలు. సన్నని ఈకల గీతలు అందులో నిలవవు. బట్టమేక పిట్టకు ఆ నగిషీ అక్కర్లేదు. నిటారు మెడ, నల్లని నెత్తి, రొమ్ము మీద నల్లని పట్టీ, ఇసుక రంగు వీపు పడితే చాలు, దూరం నుంచే పోల్చుకోవచ్చు. రెండు వైపులా పరుచుకునే చద్దరులో రంగులు తిరగబడతాయి గనుక, ఒక వైపు తెల్లని నేల మీద గోధుమ పిట్ట ఉంటే, తిప్పి పరిస్తే గోధుమ నేల మీద తెల్ల పిట్ట కనిపిస్తుంది.

రంగులు కూడా చెట్టు నుంచే తీసుకోవచ్చు. పత్తికి చెట్టు రంగు పట్టుకు పట్టినంత సులువుగా పట్టదు. నూలును ముందు సోడా నీళ్ళలో ఉడికించి జిడ్డు వదిలించాలి. తర్వాత కరక్కాయ నీళ్ళలో నానబెట్టాలి. కరక్కాయ వగరు నూలును పట్టుకుంటుంది, ఆపైన ముంచిన పటిక ఆ వగరును పట్టుకుంటుంది, రంగు వచ్చి పటికను పట్టుకుంటుంది. నల్లతుమ్మ బెరడు ఉడికించిన నీళ్ళు గోధుమ రంగునిస్తాయి. బతికున్న చెట్టు ఒలవకుండా నరికిన కొమ్మల బెరడు వాడితే చాలు. నలుపుకు మన కలంకారీవాళ్ళ దారి ఉంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరవేసి వడకట్టిన నీరు, కరక్కాయ పట్టిన నూలుకు తగలగానే నల్లబడుతుంది. ఇనుము ఎక్కువైతే కొన్నాళ్ళకు నూలు పెళుసెక్కుతుంది కాబట్టి దాన్ని నెత్తికీ పట్టీకీ మాత్రమే వాడాలి. తెలుపు కోసం బ్లీచింగ్ చేయని పత్తే ఉంది. ఇలా రంగు వేసిన చద్దరు ధర పెరుగుతుంది, నిజమే. రోజువారీ సరుకంతా ఇలా చేయమని ఎవరినీ అడగక్కర్లేదు. ఆయన పేరు మీద నేసేది మాత్రం ఇలాగే ఉండాలి.

బట్ట మీద పిట్టను నేస్తే అడవిలో పిట్ట బతుకుతుందా అని అడిగేవాళ్ళకు అస్సాం జవాబు చెబుతుంది. అక్కడ హర్గిలా అనే పెద్ద కొంగను జనం అపశకునమని అసహ్యించుకునేవారు, గూళ్ళున్న చెట్లు కొట్టేసేవారు. పూర్ణిమాదేవి బర్మన్ పల్లె ఆడవాళ్ళను కూడగట్టి, గమోసాల మీదా చీరల మీదా ఆ కొంగనే నేయించారు. ఇప్పుడు గూళ్ళకు కాపలా ఆ ఆడవాళ్ళే. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆమెను సత్కరించింది.

నివాళి అనగానే మొక్కలు నాటడం గుర్తొస్తుంది; ఆ విషయంలో ఒక్క జాగ్రత్త అవసరం. చితంపల్లి పోవడానికి రెండు నెలల ముందు, 2025 ఏప్రిల్‌లో, ఖమ్మం వనజీవి రామయ్య కూడా పోయారు. జీవితమంతా విత్తనాలు చల్లిన ఆయనకు మొక్క నాటడమే సరైన నివాళి. ఎండకు మాడే నేతపేటల సందుల్లో వేప, కానుగ, రావి తప్పకుండా నాటాలి. నాన్నజ్ బీళ్ళలో మాత్రం చెట్టు నాటకూడదు. దూరం నుంచే శత్రువును పసిగట్టే బట్టమేక పిట్టకు తెరపి నేల కావాలి. చెట్టు పెరిగితే గుడ్లెత్తుకుపోయే కాకులకు అది స్థావరమవుతుంది. ఖాళీగా ఉందని మనం బాధపడే ఆ నేలలోనే తోడేలు, కృష్ణజింక బతుకుతున్నాయి. అక్కడ చేయాల్సింది సర్కారు తుమ్మను పీకడం, దేశవాళీ గడ్డి విత్తనాలు ఏరి వానల ముందు చల్లడం, ధన్‌గర్ గొర్రెలకాపరులతో మాట్లాడి మేతను వంతులవారీగా మార్చడం. ఇదంతా అటవీ శాఖ అనుమతితో, వాళ్ళ వెంట నడిచి చేయాల్సిన పని.

వానలు వెనకబట్టి గడ్డి విత్తనం పండేదీ, పక్షి సప్తాహం వచ్చేదీ దాదాపు ఒకే వేళకు. షోలాపూర్ తూర్పు భాగం కార్ఖానాదారులకు, పద్మశాలి సంఘాల పెద్దలకు నా మనవి ఇదే: ఈ నవంబరు 5కి తలా ఒక మగ్గం కేటాయించండి, బట్టమేక పిట్ట చద్దరు నేయించండి, అమ్మగా వచ్చినదాంట్లో కొంత నాన్నజ్ గడ్డి విత్తనాలకు ఇవ్వండి. ఆ వారంలో ఒక రోజు పిల్లలను విత్తనాలు ఏరడానికి పంపండి.