బొమ్మలు చదివే పిల్లలు

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి, పిల్లల పుస్తకాల స్టాళ్ల దగ్గర కాసేపు నిలబడితే ఎక్కువగా వినబడే మాట ఒకటుంది: "నాలుగేళ్ల పాపకి ఏమున్నాయండీ?" అమ్మేవాళ్లు అక్షరాల పుస్తకం, అంకెల పుస్తకం, పళ్ల పేర్ల పుస్తకం తీసి ముందు పెడతారు. కొత్త ఏడాదిలోనైనా పిల్ల నాలుగు అక్షరాలు నేర్చుకోవాలని పెద్దవాళ్ల ఆశ. అందులో తప్పేం లేదు. కానీ ఆ పాప ఈ మధ్య దేని వెంట పడుతోంది, చీమల వెంటా, రైళ్ల వెంటా, వంటింట్లో పిండిముద్దల వెంటా అని అడిగేవాళ్లు అరుదు. వయసు కన్నా ముందు అడగాల్సింది అదేనని నా గట్టి నమ్మకం.

బొమ్మలున్న ప్రతి పుస్తకాన్నీ మనం బొమ్మల పుస్తకం అనేస్తాం. చందమామలో చిత్రా, శంకర్ వేసిన బొమ్మలు ఎంత గొప్పవైనా, వాటిని తీసేస్తే కథకి లోటు రాదు. అసలు సిసలు బొమ్మల పుస్తకంలో బొమ్మ తీసేస్తే కథే ఉండదు. ఇంగ్లండుకు చెందిన పాట్ హచిన్స్ 1968లో చేసిన 'రోజీస్ వాక్' చూడండి. మొత్తం 32 ఇంగ్లిషు మాటలు, అన్నీ కలిపి ఒకే వాక్యం. కోడిపెట్ట షికారుకి బయల్దేరి, చెరువు చుట్టి, గడ్డివామి దాటి, పిండిమర పక్కగా నడిచి, భోజనం వేళకి ఇల్లు చేరుతుంది. మాటల్లో ఉన్నది ఇంతే. బొమ్మల్లో మాత్రం మొదటినుంచీ దాని వెనకాలే ఒక నక్క. ఆ నక్క ఊసు మాటల్లో ఒక్కసారి కూడా రాదు. పిండిమర దగ్గర కోడి కాలికి తాడు చుట్టుకుంటుంది. ఆ తాడు రెండో కొస పైన వేలాడే పిండి బస్తాకి ఉంది. బస్తా కిందే నక్క. పేజీ తిప్పితే ఏమవుతుందో పిల్లలు ముందే పసిగట్టి, అమ్మ చెయ్యి తోసేసి మరీ తిప్పుతారు. అక్షరాల మీదే చూపున్న అమ్మకి కోడి సంగతే తెలుసు, పిల్లకి నక్క సంగతీ తెలుసు. చదువు రాని పిల్ల చదువొచ్చిన అమ్మకి కథ విడమర్చి చెప్పే చోటు ఇది. ఆసక్తి పుట్టేదీ అక్కడే. విషయం చెప్పడంతో సరిపోదు, కనిపెట్టే పని పిల్లకి అప్పగించాలి.

ఈ పద్ధతి మనకి మరీ కొత్తదేం కాదు. చేర్యాల నకాషీ పటాన్ని కథకులు కొంచెం కొంచెంగా విప్పుతూ, వరస వెంట వరస చూపిస్తూ పాడేవారు. ఇంకా విప్పని గుడ్డలో ఏముందోనన్న ఆత్రమే జనాన్ని కూర్చోబెట్టేది. పుస్తకంలో ఆ పని పేజీ తిప్పడం చేస్తుంది. ప్రశ్న కుడిచేతి పేజీలో, జవాబు దాని వెనక. పేజీలు సాధారణంగా 32 ఉండటానికి కారణం అచ్చు కాగితాన్ని మడిచే లెక్క. ఆ లెక్కలోనే, ఏ మలుపు ఏ పేజీ చివర పడాలో చిత్రకారులు ముందే వేసుకుంటారు. మారిస్ సెండాక్ 1963 నాటి 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్'లో కుర్రాడి ఊహ పెరిగేకొద్దీ బొమ్మ కూడా పెరుగుతుంది. చివరికి మాటలకి చోటే లేకుండా మూడు జంట పేజీలను నింపేస్తుంది.

పురుగూ పుట్రా అంటే ప్రాణం పెట్టే పిల్లలకి ఎరిక్ కార్ల్ 1969లో చేసిన గొంగళిపురుగు పుస్తకాన్ని మించింది నాకు తెలియదు. సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపళ్లు, అలా శుక్రవారానికి అయిదు నారింజలు. పళ్లు పెరిగేకొద్దీ పేజీ వెడల్పూ పెరుగుతుంది. ప్రతి పండుకీ నిజంగానే ఒక కన్నం. అందులో వేలు పెట్టని పిల్లలుండరు. అంకెలూ వారాలూ ఆ వేలి వెంటే వచ్చేస్తాయి, ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ కన్నాలూ కురచ పేజీలూ అమెరికాలో సరసమైన ఖర్చుకి తయారు కాకపోతే, జపాన్‌లో అచ్చు వేయించారు.

జపాన్ ఈ విషయంలో చాలా ముందుంది. ఫుకుఇన్‌కాన్ అనే ప్రచురణ సంస్థ 1956లోనే 'కొదొమో నో తొమో' అనే మాసపత్రిక మొదలుపెట్టింది. నెలకి ఒక సంచిక, సంచిక మొత్తం ఒకే బొమ్మల కథ. 1969లో పసిపిల్లల సైన్సు కోసం అదే పద్ధతిలో ఇంకో పత్రిక వచ్చింది. నెలంతా ఒకే సంగతితో గడపనివ్వడం పిల్లల మనసు ఎరిగిన పని.

మన దగ్గర రంగుల అచ్చు ఖర్చే పెద్ద అడ్డంకి. ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలు ఆ దేశంతో పాటే పోయాయి. వాటిలో కొన్నిటిని తార్నాకలోని 'మంచి పుస్తకం' వాళ్లు మళ్లీ తెలుగులో తెచ్చారు. చెన్నై తూలిక వారి పుస్తకాల్లో కొన్నిట్లో తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కనే ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవరాలికి అమ్మమ్మ చదివి వినిపించడానికి వీటికన్నా వీలైనవి తక్కువ. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు.

బజారుకెళితే చెయ్యి విడిపించుకుని పరిగెత్తే పిల్లవాడికి, నేషనల్ బుక్ ట్రస్ట్ కోసం మంజులా పద్మనాభన్ మాటల్లేకుండా గీసిన సంత పుస్తకం ఇవ్వండి. మాటలు లేవు కాబట్టి ఏ భాషలోనైనా చదవొచ్చు, రోజుకో కథ అల్లుకోవచ్చు. చెట్లెక్కే పిల్ల కాస్త పెద్దదైతే తారా బుక్స్ 2006లో తెచ్చిన 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' ఉంది. భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్ సింగ్ ఉర్వేతి అనే గోండు చిత్రకారుల చెట్లు, చేత్తో చేసిన నల్ల కాగితం మీద చేత్తోనే అద్దిన రంగులు. ఆ కాగితాన్ని తడిమి చూడటమే ఒక పాఠం.

కొన్నాక చదివే తీరు కూడా ముఖ్యమే. పేజీ పిల్ల చేతే తిప్పించండి. "ఇది ఏ రంగు?" అని పరీక్ష పెట్టకండి, "ఇప్పుడేమవుతుందంటావ్?" అని ఆగండి. చూస్తున్న బొమ్మ దగ్గర నుంచి తొందరపెట్టి లాగకండి. అదే పుస్తకం ఇరవయ్యోసారి తెచ్చినా విసుక్కోకుండా చదవండి. ఆ సారి ఇంతవరకూ చూడనిదేదో వాళ్లకి కనబడి ఉంటుంది, అడిగితే చూపిస్తారు. చీమల పుస్తకం అయ్యాక గుమ్మం దగ్గర చిటికెడు పంచదార పోసి పిల్లతో పాటు మీరూ కూర్చోండి. ఇక పుస్తకాన్ని అద్దాల బీరువాలో దాచకుండా, అట్ట కనబడేలా, పిల్ల చేతికి అందే ఎత్తులో పెట్టండి. చిరిగితే టేపు వేసుకోవచ్చు. ఫిబ్రవరికల్లా చీమలు పాతబడి రైళ్ల మీదికి మనసు పోతే, రైళ్ల పుస్తకం వెతకడం మన వంతు.