తెలుగు అకాడమి గ్రంథములు: పరిభాషావిమర్శనము

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్‌.బి.నగరు వరకు సాగు రహదారి కిరుకెలంకులను, దాని సందుగొందులయందును పోటీపరీక్షల శిక్షణాలయము లనేకములు వెలసియున్నవి. పల్లెలనుండి వచ్చి యిరుకుగదులలో నద్దెకుండి యుద్యోగపరీక్షలకు చదువుకొను యువజనులకు తెలుగు అకాడమి పుస్తకములు ప్రమాణగ్రంథములు. ఇద్దరు బోధకుల మాటకు భేదము వచ్చినచో నకాడమి పుటను తెఱచి చూపుట యచటి యాచారము. వాదమున శ్రుతికి గల స్థానము దానికి గలదనవచ్చును. ఇంతటి గౌరవము నందిన గ్రంథముల భాషను పరీక్షింపక విడుచుట తగదు.

ప్రభుత్వము గ్రంథప్రకాశకత్వము వహించుట యీ నగరమునకు క్రొత్త కాదు. 1917లో నిజాము ప్రభుత్వము దారుల్ తర్జుమాను నెలకొల్పి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వలయు శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపించెను. తెలుగున కట్టి సేవ రాజాశ్రయమున గాక, 1906లో నిచటనే పుట్టిన విజ్ఞానచంద్రికామండలి వంటి సంఘములవలన లభించెను. చీనాదేశమున 1950లో స్థాపింపబడిన ప్రభుత్వసంస్థయగు ప్రజావిద్యా ప్రచురణాలయము పాఠ్యపుస్తకరచనకు కేంద్రమై నిలిచినది. భారతప్రభుత్వము వేఱుదారి త్రొక్కి, ప్రాంతీయభాషలలో విశ్వవిద్యాలయ గ్రంథములకై 1968లో రాష్ట్రమున కొక్కొక్క కోటి రూపాయలు కేటాయించెను. ఆ యేడే ఆగస్టు 6న తెలుగు అకాడమి యేర్పడెను. పి.వి. నరసింహారావుగారు 1974 వరకు దాని కధ్యక్షులు.

పుస్తకములకు ముందు మాటలు కావలసివచ్చెను. అకాడమి శాస్త్రమున కొకటి చొప్పున పారిభాషిక పదకోశములను వెలువరించెను. గ్రంథములలోని పదములన్నింటికిని అకాడమియే కర్త యనరాదు. వానిని తరగతిగదిలో స్థిరపఱచుటలో మాత్రము దాని పాలు పెద్దది. వానిలో మేలైనవి కలవు. భౌతికశాస్త్రమున మొమెంటమునకు ‘ద్రవ్యవేగము’ అన్నప్పుడు, ద్రవ్యరాశిని వేగముచే గుణింపగా వచ్చునది యను నిర్వచనమే పేరై కూర్చున్నది. ఆంగ్లపదమున నీ వెలుగు లేదు. ‘కిరణజన్యసంయోగక్రియ’ యెంత దీర్ఘమైనను బాలుర నాలుకల కలవడినది. ‘డిమాండు వ్యాకోచత్వము’ శుద్ధవాదులకు వెగటు గావచ్చును గాని, అంగడిలో నలిగిన మాటను త్రోసివేయకుండుట వివేకమే.

దోషము పదములందు గాక, పదములకు గల పొత్తునందున్నది. భౌతికశాస్త్రమున ద్రవ్యమనగా పదార్థము, అర్థశాస్త్రమున ధనము. ‘ద్రవ్యోల్బణము’ నేర్చినవాడు ‘ద్రవ్యవేగము’ కనబడగానే రూపాయి చేతులు మారు వేగమని తలచినచో తప్పు వానిది గాదు. శాస్త్రమున కొక కోశమై, ఒకదాని నొకటి యెఱుగనిచో నిట్టి చిక్కులు తప్పవు. కళాశాలలో నివి యంతగా బాధింపవు. ఒక్కొక్క శాఖవాడు తన శాస్త్రమునే చదువును. దిల్‌సుఖ్‌నగరు విద్యార్థి స్థితి యట్టిది కాదు. సామాన్యవిజ్ఞానపత్రమున భౌతికశాస్త్రమును, అర్థశాస్త్రమును ఒక్కపూటనే యెదురగును. ఒక్క మార్కుతో నుద్యోగము చేజాఱవచ్చును. అకాడమిని స్థాపించినవారు కళాశాలకై తలపెట్టిన పుస్తకము లిట్టి చదువరి చేతబడునని భాషాసంస్కర్తలు నేడైన గమనింపవలెను.

వలసినది శాస్త్రములన్నింటి పదములను అకారాదిగా నొక్కచో కూర్చి, ఒక మాటకు గల భిన్నార్థములను ప్రక్కప్రక్కన చూపు సమష్టికోశము. 2014లో రాష్ట్రము విభజింపబడగా, 2021లో ఆంధ్రప్రదేశము తెలుగు–సంస్కృత అకాడమిని వేఱుగా నెలకొల్పుకొన్నది. ఆ కోశమును రెండు సంస్థలును కలిసి కూర్పనిచో, ద్రవ్యమునకు మూడవ యర్థము పుట్టుట కెంతయో కాలము పట్టదు.