తంజావూరు రాజప్రాసాదం - తెలుగు యక్షగాన వారసత్వం: ఒక విమర్శనాత్మక పరిశీలన

రాజప్రాసాదం ప్రదర్శనశాలగా మారినప్పుడు వస్తువులు నిలుస్తాయి. వాటి వినియోగం నిలవడం అరుదు. తంజావూరు ప్రాసాదం ఇందుకు నిదర్శనం. నాయకరాజులు నిర్మింపజేయగా మరాఠా రాజులు విస్తరించిన ఈ భవన సముదాయంలోని సరస్వతీ మహల్ గ్రంథాలయం 1918లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 1951లో కళాప్రదర్శనశాల ఏర్పడింది.

కృష్ణా డెల్టా సాహిత్యచరిత్రలో ఈ ప్రాసాదానికి ప్రత్యేక స్థానం ఉంది. మొవ్వ క్షేత్రయ్య పదాలు విజయరాఘవ నాయకుని (1633-1673) ఆస్థానంలో ఆదరణ పొందాయి. విజయరాఘవుడు స్వయంగా 'విప్రనారాయణ చరిత్ర' వంటి యక్షగానాలు రచించాడు. ఆస్థాన కవయిత్రి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రచించింది. దరువులతో, ద్విపదలతో సాగే ఈ రచనలు ప్రధానంగా ఆడి పాడడానికి పుట్టినవి.

నేడు ఆ సమగ్రత విడిపోయింది. పాఠం గ్రంథాలయానికి, శిల్పం ప్రదర్శనశాలకు చేరాయి. ప్రయోగానికి చోటు లేదు. నాయకుల దర్బారు మందిరంలో ఆంగ్ల శిల్పి ఫ్లాక్స్‌మన్ చెక్కిన రెండవ శరభోజి పాలరాతి విగ్రహం కొలువై ఉంది. గ్రంథాలయాన్ని సుసంపన్నం చేసిన రాజుకు ఆ గౌరవం తగినదే. అయితే ఆ ప్రాసాదంలో తెలుగు నాటకం వెలసిందన్న ఎరుక సందర్శకునికి ఆ విగ్రహం వల్ల కలగదు. 1880లో బర్నెల్ ప్రకటించిన ప్రాసాద గ్రంథసూచి సైతం సంస్కృత ప్రతులకే పరిమితం.

ప్రదర్శనశాలలోని చోళుల కాలపు కంచు విగ్రహాల స్థితీ ఇటువంటిదే. ఊరేగవలసిన ఉత్సవమూర్తులు అక్కడ పీఠాలపై నిశ్చలంగా నిలిచాయి. ఊరేగింపు లేని ఉత్సవమూర్తికీ, రంగస్థలం లేని యక్షగాన ప్రతికీ భేదం స్వల్పం.

భద్రపరచడం వల్లనే ఈ ప్రతులు మిగిలాయన్న వాదం సత్యమే. గ్రంథాలయ ప్రచురణలు లేకుంటే ఆధునిక పరిశోధనకు ఆధారాలు కొరవడేవి. కాని రక్షణ ఒక్కటే వారసత్వం కాదు. తంజావూరుకు సమీపంలోని మెలట్టూరులో, తమిళ గ్రామీణుల నడుమ, నృసింహ జయంతి సందర్భంగా వెంకటరామశాస్త్రి 'ప్రహ్లాద చరిత్రము' నేటికీ తెలుగులోనే ప్రదర్శితమవుతోంది. ప్రాసాదం కోల్పోయిన ప్రయోగాన్ని ఆ గ్రామం నిలుపుకున్నది.

కనుక నాయకరాజుల యక్షగానాలను కేవలం పాఠపరిష్కరణ దృష్టితో అధ్యయనం చేయడం అసంపూర్ణం. తంజావూరు ప్రతులను, మెలట్టూరు భాగవతమేళాన్ని, మొవ్వకు పొరుగునే ఉన్న కూచిపూడి సంప్రదాయాన్ని ఒకదానితో ఒకటి సరిపోల్చినప్పుడే వాటి నాటకీయత తేటపడుతుంది. ఆ పని తమిళనాడు సంస్థలకన్నా ముందు తెలుగు శాఖల బాధ్యత.