కాలు మీద కాలు: ‘పుష్ప’ రెండో భాగం, మూడు ఊళ్ల ప్రేక్షకులు

ప్రేక్షకుడి అభిప్రాయానికి మన విమర్శలో ఇంతవరకు స్థానం లేదు. వ్యాపార చిత్రాల మీద మనం రాసే వ్యాసాల్లో ప్రేక్షకుడు రెండే రూపాల్లో కనిపిస్తాడు. మత్తుమందు మింగిన అమాయకుడుగా, లేదా టిక్కెట్టు కొని తన చెడ్డ అభిరుచిని తానే మేపుకుంటున్న దోషిగా. ఇద్దరికీ నోరు లేదు. వాళ్ల తరఫున మనమే మాట్లాడి, వాళ్ల మీద మనమే తీర్పు చెబుతాం. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు (1909-1980) సినిమాను విమర్శకు తగని వస్తువుగా చూడలేదు. ఆయన సినిమా వ్యాసాలే అందుకు సాక్ష్యం. ఆయన తర్వాత ఆ పనిని మనం చాలావరకు దినపత్రికల సినిమా పేజీలకు వదిలేశాం.

2024 డిసెంబర్ 5న విడుదలైన ‘పుష్ప 2’ గురించి ఆ నెలలోనూ, మరుసటి జనవరిలోనూ తెనాలి, బాపట్ల, రేపల్లెలలో నేను విన్న మాటల్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను. ఇది సర్వే కాదు. ఎంతమంది మెచ్చారు, ఎంతమంది తిట్టారు అనే లెక్క నేను కట్టలేదు. మెచ్చినవాడు ఎందుకు మెచ్చాడు, తిట్టినవాడికి ఏది మింగుడు పడలేదు అన్నదే నాకు కావలసింది.

ముందు ఒక రకం అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. ‘సినిమా ఎలా ఉంది?’ అని అడిగితే కుర్రాళ్లలో చాలామంది చెప్పిన జవాబు వసూళ్ల అంకె. ఆరు రోజుల్లో 1000 కోట్లు అని నిర్మాతలు ప్రకటించారు. ఆ అంకెను తెనాలి బస్టాండు దగ్గర ఒక ఆటో కుర్రాడు తన సొంత సంపాదన చెప్పినంత గర్వంగా చెప్పాడు. వాటా లేని కంపెనీకి వాటాదారు గర్వం! ఇది అభిప్రాయం కాదు, ప్రకటనదారు మాట ప్రేక్షకుడి నోట పలకడం. అలాగే హీరో పేరు వినగానే మెచ్చేవాళ్లూ, వినగానే మండిపడేవాళ్లూ ఉన్నారు. 2024 మే నెల ఎన్నికలప్పుడు హీరో నంద్యాలలో ఒక అభ్యర్థి ఇంటికి వెళ్లిన నాటి నుంచి వీళ్ల తీర్పు తయారుగానే ఉంది, సినిమా ఆర్నెల్ల తర్వాత వచ్చింది. వీళ్లతో మనకిక్కడ పని లేదు.

టిక్కెట్టు ధర మాట వేరు. అది అభిప్రాయంలో భాగమే. 2021 ఏప్రిల్లో వచ్చిన జీవో 35 ప్రకారం మన పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లకు టిక్కెట్టు 5, 10, 15 రూపాయలు. దాని మీద తగాదా నడుస్తుండగానే 2021 డిసెంబర్ 17న మొదటి భాగం వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి రెండో భాగం ముందురోజు రాత్రి ఆటకు ప్రభుత్వమే 800 రూపాయలు, పైన జీఎస్టీ అనుమతించింది. ‘మొదటి దాంట్లో ఆయనా కూలీనే, టిక్కెట్టూ కూలీవాడిదే. ఇప్పుడు ఆయనా పెరిగాడు, టిక్కెట్టూ పెరిగింది’ అన్నాడు తెనాలి మార్కెట్టులో మూటలు మోసే ఒక హమాలీ. రెండు భాగాలకూ ఉన్న తేడాను ఇంత పొదుపుగా చెప్పిన సమీక్ష నేను ఎక్కడా చదవలేదు. అదే రాత్రి హైదరాబాదులో సంధ్య థియేటరు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాల మీదికి వచ్చింది. ఆ సంగతి ఎత్తగానే ఎంత వీరాభిమాని అయినా గొంతు తగ్గించాడు.

ఇక రెండో భాగం అనే రూపం గురించి. బుర్రిపాలెం కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971)ను కుర్రవాడిగా తెనాలిలో చూసిన ఒక పెద్దమనిషి నాతో అన్నాడు: ‘మా రోజుల్లో విలన్ చచ్చేవాడు, శుభం పడేది, ఇంటికొచ్చి పడుకునేవాళ్లం.’ పాతకాలపు మనిషి విసుగు అని దీన్ని తోసెయ్యడానికి లేదు. న్యాయం ఆ రెండున్నర గంటల్లోనే జరగాలన్నది పాత పోరాట చిత్రాల ఒప్పందం. అది ఉత్తుత్తి న్యాయమే కావచ్చు, కానీ హాల్లోనే ముగిసేది. కొత్త ఒప్పందంలో పగ బాకీగా మిగలాలి. 2017 ఏప్రిల్లో ‘బాహుబలి’ రెండో భాగానికి జనాన్ని రప్పించింది ఒక ప్రశ్న, ఎవడు ఎవణ్ణి ఎందుకు చంపాడన్నది. ‘పుష్ప’ రెండో భాగానికి రప్పించింది ఒక అవమానం. ప్రశ్నకు జవాబు దొరికితే సరిపోతుంది. అవమానానికి ఏది సరిపోతుందన్నదే ఈ చిత్రంలోని అసలు చిక్కు. ప్రేక్షకులు నాతో ఎక్కువసేపు మాట్లాడింది కూడా దాని గురించే. 3 గంటల 20 నిమిషాల చిత్రంలో ఉన్న పోరాటాల గురించి వాళ్లు ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

మొదటి భాగంలో కూలిపని చేసే పుష్ప, యజమాని వచ్చినప్పుడు కాలు మీద కాలు తియ్యడు. పని పోయినా తియ్యడు. ఆ దృశ్యాన్ని పోజు అన్నవాళ్లున్నారు, పొగరు అన్నవాళ్లున్నారు. మన ప్రాంతంలో అది పోజు కాదు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు చుండూరు మీదుగా పోతుంది. 1991లో ఒక సినిమా హాల్లో దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలిందన్న తగవు, సాంఘిక బహిష్కరణగా ముదిరి, ఆగస్టు 6న 8 మంది దళితుల ఊచకోత దాకా పోయింది. ఆ ఊళ్లోనే ఏర్పాటు చేసిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. సినిమా హాల్లో కాలు ఎక్కడ పెట్టుకోవాలన్నది ప్రాణాల మీదికి వచ్చిన నేల ఇది. ఇక్కడి హాల్లో ఒక కూలీ తెరమీద కాలు మీద కాలు వేసుకుని, దించనంటే, కింద పడిన ఈలల్ని అభిరుచి లోపంగా లెక్కగట్టడం నా వల్ల కాదు. బాపట్లలో చదువుకుంటున్న ఒక యువకుడు, చుండూరు పక్క ఊరివాడు, ‘ఆ ఒక్క సీను కోసం మొదటి భాగం నాలుగుసార్లు చూశా మాస్టారూ’ అన్నాడు. రెండో భాగం ఎన్నిసార్లు చూశావని అడిగాను. ఒక్కసారే. ఎందుకని అడిగితే, ‘ఇప్పుడు ఆయన కాలు మీద కాలేసుకుంటే ఎదురుగా నిలబడేది మనమే కదా’ అన్నాడు.

ఈ మాట దగ్గర కొంత ఆగాలి. రెండో భాగంలో కూలీలు లేరా అంటే ఉన్నారు. దుంగలు మోస్తారు, వరసగా నిలబడతారు, దొర వచ్చి విడిపిస్తే విడుదలవుతారు. మాట్లాడరు. మొదటి భాగంలో కూలి రేటు ఎంత, ప్రాణానికి హామీ ఏమిటి అన్న ప్రశ్నలు కథలో కనీసం తొంగి చూశాయి. రెండో భాగంలో డబ్బు కట్టలతో పోలీసు ఠాణానే ఖాళీ చేయించగల మనిషి ముందు ఆ ప్రశ్నలు వెయ్యడానికి ఎవరికీ నోరు రాలేదు. ధిక్కారం అదే, చెయ్యి గడ్డం కింద తిప్పే విన్యాసమూ అదే, ‘తగ్గేదే లే’ అనే మాటా అదే. అయితే కింద ఉన్నవాడు పైవాడితో తగ్గనంటే ధిక్కారం, పైన ఉన్నవాడు కిందివాళ్ల నడుమ నిలబడి తగ్గనంటే అది పెత్తనం. దర్శకుడు సుకుమార్ తెలివైనవాడు. ఈ మార్పు ఆయనకు తెలియదని నేననుకోను. తెలిసీ దాన్ని మాకు కనపడనివ్వకుండా జాగ్రత్త పడ్డాడు.

ఎర్రచందనం దుంగ అనగానే శేషాచలం అడవుల్లో 2015 ఏప్రిల్ 7 గుర్తు రావాలి. ఆ రోజు పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. గొడ్డలి పట్టే కూలీలని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. ఈ చిత్రంలో పోలీసుకూ అడవికీ మధ్య ఉన్న సంబంధమంతా ఒక అధికారి అహంకారానికీ ఒక స్మగ్లరు అహంకారానికీ కుదించబడింది. ఇద్దరు మగవాళ్ల పంతం. ఫహద్ ఫాజిల్ అంతటి నటుణ్ణి పెట్టుకుని ఆ అధికారిని చివరికి నవ్వులపాలు చేశారు. పోలీసును చూసి నవ్వుకునే హక్కు జనానికుంది, నేనూ నవ్వాను. కానీ ఇరవై శవాల అడవి మీద తీసిన కథలో పోలీసు నవ్వులాట వస్తువు మాత్రమే కావడం ఎవరికి లాభం? తెనాలి హమాలీకి 2015 సంగతి తెలియదు. అయినా అతను అడిగిన ప్రశ్న అక్కడికే పోతుంది: ‘అన్నేసి దుంగలు మోసినోళ్లకి ఏం ముట్టింది? అది చూపించలేదేం?’

ఇంటిపేరు విషయంలో మూడు ఊళ్లలోనూ అభిప్రాయం ఒకేలా లేదు. పెళ్లి కాని తల్లికి పుట్టినవాడని తండ్రి ఇంటిపేరు దక్కని పుష్ప, సవతి అన్న కూతుర్ని కాపాడాక, ఆ కుటుంబం అతణ్ణి తమవాడంటుంది. ఈ ఘట్టంలో ఏడ్చామని చాలామంది చెప్పారు, మగవాళ్లు కూడా. ఆ కన్నీళ్లను నేను తక్కువ చెయ్యను. పుట్టుక పేరు మీద గుమ్మం బయట నిలబెట్టిన అనుభవం ఉన్నవాడికి అది కథ కాదు. అయితే బాపట్లలోనే, ఇంజనీరింగు చదివే ఒక అమ్మాయి వేసిన ప్రశ్న నన్ను వదల్లేదు: ‘ముఖ్యమంత్రిని మార్చగలిగినవాడు తన పేరు ముందు అమ్మ ఇంటిపేరు పెట్టుకోలేడా?’ దీనికి జవాబు చిత్రంలో లేదు. ఉండడానికి వీల్లేదు. ప్రభుత్వాన్ని కొనొచ్చు, పడగొట్టొచ్చు. తండ్రి ఇంటి గడప మాత్రం అలాగే ఉండాలి, దాని మీద కూర్చున్నవాళ్లు దయతలిచి లోపలికి పిలవాలి. యజమాని ముందు కాలు దించనివాడు కులగౌరవం ముందు మూడు గంటలపాటు చెయ్యి చాచి నిలబడ్డాడు. మన విమర్శకులు హింస ఎక్కువైందని రాశారు. హింస కంటే ఈ వినయం ప్రమాదకరం.

రేపల్లె వైపు రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లు కొందరితో మాట్లాడాను. వాళ్లని ఈ సినిమా గురించి అంతకుముందు ఎవరూ అడగలేదట. గంగమ్మ జాతరలో హీరో చీర కట్టి, పసుపు రాసుకుని ఆడిన ఘట్టం వాళ్లకు నచ్చింది. పూనకం వచ్చినట్టే ఉందన్నారు. వాళ్లలో నడివయసు ఆమె ఒకామె, ‘మేం కడితే చీర, ఆయన కడితే శక్తి’ అని నవ్వింది. మరొకామె ఫొటో సంగతి ఎత్తింది. కథ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ముఖ్యమంత్రితో ఫొటో దిగి రమ్మని భార్య అడుగుతుంది, ముఖ్యమంత్రి స్మగ్లరుతో ఫొటో ఏమిటని కాదంటాడు, దాంతో పుష్ప ముఖ్యమంత్రినే మార్చడానికి పూనుకుంటాడు. ‘పెళ్లాం మాట విన్నందుకు అంత గొడవ జరిగితే ఇక మావాళ్లేం వింటారండీ’ అందామె.

హాస్యం అలా ఉంచితే, ఈ ఫొటో దృశ్యాన్ని మూడు ఊళ్లలోనూ ఎవరూ తిట్టలేదు. దినపత్రికల సమీక్షల్లో దాన్ని చిన్న కారణం, పెద్ద కథ అని ఎత్తిపొడిచినవాళ్లున్నారు. చిన్న కారణమని ఎవరికి అనిపిస్తుంది? ఫొటోలో తనకు చోటుందని ముందే తెలిసినవాడికి. కలెక్టరాఫీసు మెట్ల మీద అర్జీ పట్టుకుని నిలబడ్డవాడికి అది చిన్నది కాదు. జనం దృశ్యాన్ని సరిగ్గానే చదివారు. చిత్రం మాత్రం దానికి ఒకే పరిష్కారం చూపించింది: నీ పక్కన నిలబడనన్నవాణ్ణి దించి, నిలబడతానన్నవాణ్ణి కొనుక్కో. కొనగలిగే డబ్బు లేనివాడి సంగతి రచయితకు పట్టలేదు.

ఈ మాటలన్నీ ఒక మిత్రుడికి వినిపిస్తే, ఇది జనం వెనక నడవడం అవుతుంది గాని విమర్శ కాదన్నాడు. జనం అన్నదంతా నిజమని నేనడం లేదు. పైన కోట్ల లెక్కలవాళ్లను నేనే పక్కన పెట్టాను. కానీ ఆ హమాలీ, ఆ విద్యార్థిని, ఆ షెడ్డు ఆడవాళ్లు చెప్పినవి మెప్పుకోలూ తిట్లూ కావు. అవి చిత్రంలో పగులు ఎక్కడుందో చూపించిన మాటలు. వాళ్లకు మన పరిభాష లేదు. మనకు వాళ్ల చూపు లేదు. సాహిత్యం చదువుకునే మన విద్యార్థులు సినిమా మీద పరిశోధన పత్రం రాసేముందు నేలటిక్కెట్టు వరసలో కూర్చున్నవాళ్లతో ఒక పూట గడపడం పాఠ్యభాగం కావాలని నా సూచన.

2025 జనవరి 17 నుంచి మరో 20 నిమిషాలు కలిపి చిత్రాన్ని మళ్లీ వేశారు. అసలు చిత్రం చివరనే మూడో భాగం పేరు కూడా తెరమీద వేశారు, అంటే బాకీ ఇంకా తీరలేదన్నమాట. దాని గురించి రొయ్యల షెడ్డులో అడిగితే, ఫొటో మాట ఎత్తిన ఆమే చేతిలో రొయ్య తల తుంచి పక్కన పడేస్తూ, ‘ఈసారి ఢిల్లీలో ఎవరితో ఫొటో కావాలంటుందో చూద్దాం’ అంది.