తప్పు దిద్దే ముసలమ్మ

మొన్న సెలవులకి వచ్చిన మా చెల్లెలి కొడుకు ఇంటి పెంకులెగిరిపోయేలా ఓ పాట పెట్టాడు. ఉండబట్టలేక, "ఒరే, అది పాటా, పోట్లాటా?" అన్నాను.

"పోట్లాటే పెద్దమ్మా!" అని నవ్వాడు వాడు.

పాడుతున్నాయన పేరు సెర్జ్ టాంకియన్‌ట. 1967లో బీరూట్‌లో పుట్టిన ఆర్మేనియన్. 1915లో ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలో లక్షలమంది ఆర్మేనియన్లను ఊచకోత కోస్తే, బతికి బయటపడ్డవాళ్ల మనవడు. అది జాతిసంహారం కాదని టర్కీ ప్రభుత్వం ఇప్పటికీ వాదిస్తూనే ఉంది. "జరిగింది, మా తాతలు చూశారు" అని ఈయన తన రాక్ బృందంతో ఊరూరా గొంతు చించుకున్నాడు. అమెరికా అధ్యక్షుడు ఆ మాట ఒప్పుకునేసరికి 2021 వచ్చింది.

వాడు చెప్పుకుపోతుంటే నాకు మన మణుగూరు దగ్గరి కూనవరం గుర్తొచ్చింది. తాతల కథని గొంతులో దాచుకున్న మనిషి అక్కడా ఒకరుండేవారు. సకిని రామచంద్రయ్యగారు. కోయల్లో డోలీలని ఒక శాఖ. ఏ ఇంటిపేరు ఏ గట్టుకి చెందుతుందో, ఎవరి మూలపురుషుడెవరో, డోలు కొట్టి పాడి చెప్పడం వాళ్ల వృత్తి. రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల కథని కోయలోనూ, తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2025లో ఆయన వెళ్లిపోయారు.

'అంతరించిపోతున్న కళ' అని నలుగురూ జాలిపడ్డారు. ఆ జాలి నాకు నచ్చదు. మేడారం అనగానే మనకి బెల్లం గుర్తొస్తుంది, కుంకుమ భరిణె గుర్తొస్తుంది. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సేన వచ్చి పడిందనీ, జంపన్న సంపెంగవాగులో కూలాడనీ చెప్పే కథ అది. మొక్కు మనం తీసుకుని, తగాదా వాళ్లకే వదిలేశాం.

చాలా ఏళ్ల కిందట దుమ్ముగూడెం వైపు, ఎరిగినవాళ్లింట్లో దినానికి వెళ్లినప్పుడు డోలీల పాట విన్నాను. రాగం కోసం వెదికితే దొరకదు. ఒకే వరుస తిరిగి తిరిగి వస్తుంది. పేరు వచ్చిన చోట డోలు ఆగుతుంది. అలా ఆగిన ఒక చోట, మూలన కూర్చున్న ముసలమ్మ కోయలో ఏదో గదిమింది. పాడేవాడు తల వంచి, వెనక్కి వెళ్లి, మళ్లీ ఎత్తుకున్నాడు. పేరు తప్పు చెప్పాడట!

ఈ కళ ప్రాణం ఆ ముసలమ్మలో ఉందని నాకారోజు తెలిసింది. టాంకియన్ పాడేది తెలియనివాళ్లకి, అందుకే అరవాలి. డోలీ పాడేది తెలిసినవాళ్లకి, అందుకే తప్పు పాడకూడదు. పట్నంలో పది నిమిషాలు వేదిక ఎక్కించి శాలువా కప్పుతాం. అక్కడ తప్పు పాడినా చప్పట్లే. ఆ చప్పట్లు పాటని బతికించవు.

ఇప్పుడా ముసలమ్మలేరీ? పోలవరం ముంపు కోసం 2014లో భద్రాచలం చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకి చేరినవాళ్లు ఇల్లయితే కట్టుకోగలరు. చుట్టూ కూర్చుని పేరు దిద్దే ఆ పదిమందిని ఏ నష్టపరిహారం లెక్క కడుతుంది? పిల్లలు హాస్టళ్లలో తెలుగూ ఇంగ్లీషూ నేర్చుకుంటున్నారు. మంచిదే. కానీ కోయ రానివాడు డోలీ తప్పు ఎలా పట్టుకుంటాడు? పాడేవాడికి బిరుదివ్వడం తేలిక. వినేవాళ్లని నిలబెట్టుకోవడమే కష్టం.

మావాడి ఫోనులోనే ఓ డోలీ పాట వెదికించాను. మూడు నిమిషాలు విని, "ఏమంటున్నారో తెలీలేదు పెద్దమ్మా" అన్నాడు.

"నీ టాంకియన్ ఏమంటున్నాడో నాకూ తెలీలేదురా. నువ్వు చెబితేనే కదా!" అన్నాను.

వాడు ఫోను కట్టెయ్యలేదు. చివరిదాకా విన్నాడు.