రాబడి అడిగే తీరు

“నెలకెంత వస్తుందమ్మా?” అని అడిగితే సరైన జవాబు రాదు. కూలికి వెళ్లే ఇంట్లో నెల లెక్కే ఉండదు. ఇంటింటి సర్వేలు చేసే నేను పని రోజులు అడుగుతాను: పోయిన వారం ఎన్నాళ్లు వెళ్లారు, రోజుకెంత, మేస్త్రీ దగ్గర బాకీ ఉందా? ఆ తర్వాత అప్పులు. 2020 లాక్‌డౌన్ గురించి అడిగినప్పుడు ఇస్త్రీ బండి నడిపే ఒకావిడ, “ఆ రెండు నెలల్లో పదివేలు వచ్చాయి బాబూ” అంది. ఎలా వచ్చాయంటే, చెవికమ్మలు తాకట్టు పెట్టిందట. ఆ పదివేలు రాబడి గడిలో పడితే, కరోనాలో ఆ ఇల్లు బాగుపడినట్టే తేలుతుంది.

అసలు అప్పట్లో ఇళ్లకు వెళ్లడమే ఆగిపోయింది. సుమారు 1.7 లక్షల కుటుంబాలను ఏడాదికి మూడుసార్లు కలిసే ప్రైవేటు సంస్థ సీఎంఐఈ సర్వే కూడా ఫోన్లకు మారింది. రీచార్జికి డబ్బుల్లేని ఇల్లు, ఊరొదిలిన ఇల్లు ఫోనుకు దొరకవు; దొరికినవాళ్ల సగటు మెరుగ్గా కనిపిస్తుంది. ఆ సర్వేలో నిరుపేదలు మొదటినుంచీ తక్కువేనని ఆర్థిక పరిశోధకులు జాన్ డ్రెజ్, అన్మోల్ సోమంచి 2021లో ఎత్తిచూపారు. అయినా అప్పట్లో పరిశోధకులకు మరో దారి లేకపోయింది. ఎందుకంటే 2017-18 వినియోగ వ్యయ సర్వేను కేంద్రం పక్కన పెట్టేసింది.

సీఎంఐఈ సర్వే ఆధారంగానే, కరోనా కాలంలో జాతీయ కనీస వేతన ప్రమాణం కిందికి మరో 23 కోట్ల మంది జారారని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం అంచనా కట్టింది. అదే సర్వేతో పరిశోధకులు అర్పిత్ గుప్తా, అనూప్ మలానీ, బార్టెక్ వోడా పేదరికం పెరిగింది గానీ అసమానత తగ్గిందని తేల్చారు. రెండూ నిజం కావచ్చు. లక్ష వచ్చే ఇంటికి నలభై వేలు, పదివేలు వచ్చే ఇంటికి మూడు వేలు తగ్గాయనుకోండి. అసమానత కొలమానం ప్రకారం అంతరం తగ్గినట్టే. కానీ మొదటి ఇంట్లో తగ్గింది పొదుపు. రెండో ఇంట్లో పిల్లల పాలు, అద్దె. అందుకే అట్టడుగు ఇళ్ల రాబడి ఎంతో చెప్పకుండా అసమానత అంకె ఒక్కటే అచ్చువేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

2026లో దేశవ్యాప్తంగా కుటుంబ ఆదాయ సర్వే చేస్తామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. సర్వేవాళ్లు మీ గుమ్మంలోకి వస్తే కూర్చోబెట్టి, వచ్చిన జీతాన్నీ తెచ్చిన అప్పునూ విడివిడిగా చెప్పండి.