చెట్టు కింద కల్లు, టేబుల్ పక్కన బీరు

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెడ్ లైను, బ్లూ లైను కలుస్తాయి. కోర్సు మెటీరియల్ పట్టుకున్న కుర్రాళ్లు, హైటెక్ సిటీ ఉద్యోగులు, పంజాగుట్ట నిమ్స్‌కు స్కాన్ రిపోర్టులతో వెళ్లేవాళ్లు ఒకే ఎస్కలేటర్ ఎక్కుతారు. హైదరాబాద్‌లో ఎవరెక్కడ ఏం తాగుతారో మ్యాపు గీయాలంటే మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. బ్లూ లైను జూబ్లీహిల్స్ క్రాఫ్ట్ బీరు వైపు పోతుంది. రెడ్ లైను ఒక కొస కూకట్‌పల్లి కల్లు కాంపౌండ్ల వైపు, ఇంకో కొస పంజాగుట్ట, ఖైరతాబాద్‌ల మీదుగా నెక్లెస్ రోడ్డు నీరా కేఫ్ వైపు.

స్టేషన్ మెట్లు దిగితే మాత్రం సీసా బీరుదే రాజ్యం. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ల కుర్రకారుకు శనివారం సాయంత్రం అంటే వైన్ షాపు, దాన్ని ఆనుకుని పర్మిట్ రూము, ప్లాస్టిక్ గ్లాసు, పల్లీల ప్యాకెట్టు, 650 మిల్లీలీటర్ల సీసా. కౌంటర్ దగ్గర వినిపించే ప్రశ్న ఒక్కటే: ‘చల్లగుందా అన్నా?’ అంత చల్లదనంలో నాలుకకు రుచి సరిగా అందదు. ఫ్యాక్టరీ లాగర్‌కు అది పెద్ద నష్టమేమీ కాదు. ఎక్కడ కొన్నా ఒకేలా ఉండాలనే దాన్ని తయారుచేస్తారు.

బ్లూ లైనులో నాలుగు స్టేషన్లు దాటితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక ప్రోస్ట్, జీరో40, బ్రాడ్‌వే లాంటి పేర్లు ఈ చుట్టుపక్కల నుంచే నగరానికి పరిచయమయ్యాయి. అప్పటికే పుణెలో, బెంగళూరులో ఈ అలవాటు పాతబడుతోంది. బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లోనే తెరుచుకుంది. హైదరాబాద్ ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది.

ఈ బార్లలో చూడాల్సింది అద్దం వెనకున్న స్టీలు ట్యాంకుల్ని. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పలుకులుగా మరపట్టి, సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. గింజలో ఉన్న ఎంజైములే పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి. వేడి కొన్ని డిగ్రీలు పెరిగితే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి బీరు చిక్కగా వస్తుంది. తగ్గితే తీపి లేకుండా తేలిగ్గా ఉంటుంది. పిప్పి వడకట్టాక మిగిలిన తియ్యటి నీళ్లను మరిగిస్తూ హాప్స్ పువ్వులు వేస్తారు. మొదట్లో వేసినవి గంటసేపు మరిగి చేదునిస్తాయి. చివర్లో వేసేవి కూర దించేముందు చల్లే కొత్తిమీర లాంటివి, వాటి పని వాసన. హాప్స్ మన దేశంలోనూ హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండుతాయి.

తర్వాత చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఏల్ రకాలకు 20 డిగ్రీలు, లాగర్‌కు 10 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. ఏల్ రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వస్తుంది, లాగర్‌కు అంతకన్నా ఓపిక కావాలి. జర్మన్ గోధుమ బీరు హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి. నిజానికి అందులో ఆ రెండూ వేయరు, ఈస్టే వాటిని పుట్టిస్తుంది. బెల్జియం వాళ్ల విట్‌బీర్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క పడతాయి. 1516లో బవేరియా చేసిన చట్టం బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేదీ వేయరాదంది. ఆ లెక్కన విట్‌బీర్ అసలు బీరే కాదు. హైదరాబాద్‌లో ఆ చట్టం అమల్లో లేకపోవడం మన అదృష్టం, ఎందుకంటే బిర్యానీ పక్కన ధనియాల బీరు చక్కగా కుదురుతుంది.

ఇదంతా కొత్త విద్యలా కనిపిస్తుంది గానీ, తెలంగాణలో ఏ రోజుకారోజు తాజాగా పులిసే పానీయం తరాల నుంచి ఉంది. ఆ విద్య గౌడ గీత కార్మికులది. చెట్టుకు మోకు, నడుముకు ముస్తాదు, కాళ్లకు గుజి తగిలించుకుని పొద్దున, సాయంత్రం చెట్టెక్కుతారు. తాటికైతే పూగెలను రోజుల తరబడి నొక్కి, కట్టి, కొసను పల్చగా కోస్తారు. ఈతకైతే మొవ్వు కింద మానునే చెక్కుతారు. గీత లోతైతే చెట్టుకు ప్రాణగండం, తేలికైతే లొట్టి నిండదు. చెట్టు కల్లుకు రావడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి చెయ్యి తప్పిన ఒక్క కోత చాలా ఖరీదైనది. పోతుతాళ్ల కల్లు ముందు, పండుతాళ్ల కల్లు ఎండలు ముదిరాక. తాగేవాళ్లలో తెలిసినవాళ్లు మొదట అడిగేది ఏ చెట్టుదని.

చెట్టు నుంచి కారే రసంలో పది శాతానికి పైగా చక్కెర ఉంటుంది. గాలిలోని ఈస్టు, లొట్టిలో మిగిలిన ఈస్టు చెట్టు మీదే పని మొదలుపెడతాయి. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాల్ తయారవుతుంది, అంటే మామూలు బీరంత. ఇంకా ఉంచితే బ్యాక్టీరియా చేరి దాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది, పులుపెక్కుతుంది. బ్రూవరీలో మరిగించడం, చల్లార్చడం, ఎంచిన ఈస్టు వేయడం అన్నీ మనిషి చేతిలో ఉంటాయి. గౌడన్న చేతిలో ఉన్నవి కత్తి, లొట్టి శుభ్రత, పొద్దు మాత్రమే. పొద్దున దించింది తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎండిన మాల్ట్ బస్తాల్లో ఓడెక్కి జర్మనీ నుంచి వచ్చినా చెడదు, కాబట్టి బీరును జూబ్లీహిల్స్‌లోనే తయారుచేయొచ్చు. తాటిచెట్టును జూబ్లీహిల్స్‌కు తేలేం. కల్లేమో ప్రయాణం ఓర్చుకోదు. నగరంలోని కాంపౌండ్లకు ఏడాది పొడవునా గిరాకీ ఉంటుంది, చెట్లు మాత్రం దూరంగా ఉంటాయి, అవీ కాలాన్ని బట్టే ఇస్తాయి. ఆ ఖాళీని నీళ్లు, శాకరిన్, మత్తుకోసం క్లోరల్ హైడ్రేట్, తర్వాతి కాలంలో అల్ప్రాజోలం నింపాయి. 2004లో జంటనగరాల్లో కల్లు దుకాణాలు మూతపడ్డాయి, పదేళ్ల తర్వాత 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. కల్తీ మాత్రం ఆగలేదు. మందు కలిపిన కల్లుకు అలవాటుపడి, అది దొరక్క ఫిట్స్‌తో, పిచ్చిచేష్టలతో వచ్చేవాళ్లు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కొత్త కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లను చేర్చింది పంజాగుట్ట నిమ్స్‌లోనే.

ప్రతి ప్రమాదం తర్వాతా కల్లును నిషేధించాలన్న మాట లేస్తుంది. ఎవరూ కల్తీ సారా దొరికిందని బ్రూపబ్బును మూయమనరు. కల్లు విషయంలో మాత్రం చెట్టుదీ, మందుబిళ్లదీ ఒకే ఖాతాలో రాస్తారు. ఎన్ని చెట్లకు ఎన్ని సీసాలు అమ్ముతున్నారన్న లెక్క గట్టిగా చూస్తే చాలావరకు తేలిపోయే వ్యవహారమిది.

2023 మేలో నెక్లెస్ రోడ్డు మీద తెరిచిన నీరా కేఫ్ చెట్టుకూ నగరానికీ మధ్య దూరాన్ని ఇంకో దారిలో దాటాలని చూసింది. పులియకముందే రసాన్ని చల్లబరచి, శీతల పెట్టెల్లో నగరానికి తెచ్చి అమ్మడం ఆ పద్ధతి. చల్లదనంలో ఈస్టు నిద్రపోతుంది, మత్తు రాదు. హుస్సేన్‌సాగర్ గాలికి పిల్లలతో కూర్చుని తాగొచ్చు. మంచి ప్రయత్నమే, కానీ కల్లు ప్రియులకు అది పెళ్లికి ముందటి విందు.

చెట్టెక్కేవాళ్ల సంగతి కూడా ఈ మధ్యే పట్టించుకున్నారు. మోకు జారి పడి చనిపోయిన, నడుం విరిగి మంచం పట్టిన గీత కార్మికులు ఊరూరా ఉన్నారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ల కులదైవం పేరుతో కాటమయ్య రక్షణ కవచం కిట్లు పంచడం మొదలుపెట్టింది. పర్వతారోహకుల తాళ్లు, బెల్టుల తరహాలో, పట్టు తప్పినా మనిషి కిందపడకుండా ఆపే ఏర్పాటది.

కల్లును కల్లుగా రుచి చూడాలంటే అమీర్‌పేటలో రెడ్ లైనెక్కి చివరి స్టేషన్ ఎల్బీనగర్‌లో దిగి, విజయవాడ హైవే పట్టుకుని చౌటుప్పల్ దిక్కుగా పోవాలి. వేసవి పొద్దున త్వరగా చేరితే లొట్టి దించే వేళకు చెట్టు కిందే ఉండొచ్చు, తాటాకు దొప్పలో తాగొచ్చు, నంజుకోవడానికి గుడాలో, కారం చల్లిన ఉడికిన గుడ్డో దొరుకుతుంది. బండి నడిపేవాడికి ముంజలు.